సభ్యుల పట్టీ ఎవరికి చూపాలి, ఎంతవరకు చూపాలి?

(ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మేము దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో మాట్లాడతామని మీరు అనుకొని వచ్చి ఉంటారు. ఆ సంగతులు మధ్యాహ్నం పశువైద్యులు చెబుతారు. ఈ పూట మేము ఒక పుస్తకం గురించి మాట్లాడబోతున్నాము. మీ సంఘం బీరువాలో ఉండే సభ్యుల రిజిష్టరు గురించి. పుస్తకం గురించి వినడానికి ఏముంటుంది అనుకోకండి. మీ పేరు, మీ పాలు, మీ డబ్బు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఇటీవల మేము చూడబోయిన ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాము. ఉదయం పాలు పోయడం ముగిసి, క్యాన్లు లారీ ఎక్కుతున్న వేళ. ఒక పెద్దామె కిటికీ దగ్గరకు వచ్చింది. ఆమె పాస్‌బుక్కు వానలో తడిసి అట్ట కట్టుకుపోయింది. తన సభ్యత్వ నంబరు ఎంత, గడచిన రెండు పక్షాల బిల్లు ఖాతాలో పడిందా లేదా అని అడిగింది. కార్యదర్శి లెక్క వ్రాసుకుంటూ తల ఎత్తకుండానే, "మీ అబ్బాయిని పంపమ్మా, అతనికి చెబుతాను" అన్నాడు. సభ్యురాలు ఆమె. వాటాధనం కట్టింది ఆమె. గేదెకు గడ్డి కోసేదీ, పాలు పితికేదీ ఆమె. అయినా ఆమె లెక్క ఆమెకు చెప్పలేదు. ఆమె ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది.

అరగంట తిరక్కుండానే మోటారు సైకిలు మీద ఒక యువకుడు దిగాడు. "అన్నా, మీ సంఘంలో రోజుకు పది లీటర్ల పైన పోసేవాళ్ళు ఎవరెవరో కాస్త చూపిస్తావా?" అని అడిగాడు. కార్యదర్శి కంప్యూటరు తెరను అతని వైపు తిప్పాడు. పేర్లు, ఫోను నంబర్లు, లీటర్లు వరుసగా ఉన్నాయి. ఆ యువకుడు సెల్‌ఫోనుతో ఫోటో తీసుకొని, టీ త్రాగి వెళ్ళాడు. అతను ఒక ప్రైవేటు పాల వ్యాపారి మనిషి అని తరువాత తెలిసింది.

ఆ కార్యదర్శి చెడ్డవాడు కాడు. లెక్కల్లో పైసా తేడా రానివ్వని మనిషి. ఎవరికి ఏది చూపాలో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పవలసిన వాళ్ళలో మేమూ ఉన్నాము. కనుక తప్పు మా నుండే మొదలు పెట్టుకుందాము.

పూర్వం మన రిజిష్టరులో ఏముండేది? సభ్యుని పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, చేరిన తేదీ, ప్రవేశ రుసుము, వాటాధనం, తదనంతరం ఎవరికి చెందాలో వారి పేరు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పెద్ద పుస్తకం. దాన్ని చూడాలంటే కార్యదర్శి ఇంట్లో ఉండాలి, బీరువా తాళం దొరకాలి, ఎదురుగా కూర్చొని పుటలు తిప్పాలి. రెండు వందల మంది పేర్లు కాపీ చేసుకోవాలంటే పూట పడుతుంది. అంతసేపు కూర్చున్నవాడు ఎవడో, ఎందుకు వచ్చాడో ఊరికి తెలియకుండా ఉండదు. ఆ ఆలస్యమే ఒక కాపలాగా ఉండేది. అది ఎవరూ పెట్టిన కాపలా కాదు.

ఇప్పుడో? పేరుతో పాటు ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్, ఫోటో ఉన్నాయి. గేదె చెవికి వేసిన పన్నెండు అంకెల బిళ్ళ నంబరు ఉంది. ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం పోసిన లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., దాని వెల ఉన్నాయి. ఏడాదికి ఒక్కొక్క సభ్యునికి ఏడు వందల ముప్పై పూటల లెక్క. ఇదంతా అరచేతిలో ఇమిడే యంత్రంలో ఉంది. పుటలు తిప్పనక్కరలేదు, ఎవరి ఎదుటా కూర్చోనక్కరలేదు. అదే సమాచారం, కాని దొరికే తీరు మారింది. దొరికే తీరు మారినప్పుడు చూపే నియమం కూడా మారాలి కదా! మనం మాత్రం పాత అలవాటే సాగిస్తున్నాము.

అట్లాగని పుస్తకం మూసి తాళం వేయమని మేము చెప్పడానికి రాలేదు. ఆ మాట చెబితే సంతోషించేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళ గురించి ముందు మాట్లాడాలి.

మన ఉద్యమం పుట్టిందే లెక్కలు బయట పెట్టడం మీద. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1946 డిసెంబరులో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం నమోదైంది. ఇటువంటి సంఘంలో రైతు కోరేదేమిటి? మా పాలు మా కళ్ళ ముందు కొలవండి, మా కళ్ళ ముందు పరీక్షించండి, వెన్నను బట్టి వెల కట్టండి అని. మీలో పెద్దవాళ్ళు గెర్బరు పరీక్ష చూచే ఉంటారు. సన్న మెడ గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి గిర్రున త్రిప్పితే వెన్న పైకి తేలి గీతల మధ్య నిలిచేది. చదువు రాని రైతు కూడా గొట్టం వెలుతురుకు పట్టి ఎన్ని గీతలో చూచుకునేవాడు. ఆ గీతను ఎవరూ దాచలేరు. ఇప్పుడు యంత్రం తెర మీద అంకె వచ్చి పోతుంది. వేగం పెరిగింది గాని, గొట్టం చేతిలోకి తీసుకున్న నమ్మకం వేరు. ఇది మా సొంత అభిప్రాయం, యంత్రాలు అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

సభ్యుల పట్టీ సంగతీ అంతే. 1912 నాటి భారత సహకార సంఘాల చట్టమే సంఘం ఉంచే సభ్యుల పట్టీని సాక్ష్యంగా ఎంచింది. ఫలానా మనిషి ఏ తేదీన చేరాడు, ఏ తేదీన సభ్యత్వం పోయింది అన్నదానికి ఆ పట్టీయే రుజువు. పట్టీ ఎవరికీ కనపడకపోతే ఏమవుతుంది? పాలు పోయని చుట్టాలు సభ్యులవుతారు. ఎన్నికల ముందు రోజు ముప్పై క్రొత్త పేర్లు పుడతాయి. లోకల్‌గా అమ్మిన పాలు లేని మనుషుల పేరు మీద జమ అవుతాయి. నిజంగా పాలు పోసేవాడి పేరు మాత్రం పట్టీలో ఉండదు. అడిగితే "అది రహస్యం, చూపకూడదు" అంటారు. దాచుకోవలసిన లెక్క ఉన్నవాడికి గోప్యత అనే మాట మంచి గొడుగు. గోప్యత సభ్యునిది. పాలకవర్గానిది కాదు, కార్యదర్శిదీ కాదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే తక్కినవి తేలిక.

ఇక రెండవ వైపు. పాలు పోసే వరుసలో ఎవరి క్యాను ఎంతో ఊరంతా చూస్తూనే ఉంటుంది, ఇందులో దాచేదేముంది అని ఒక సమావేశంలో ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. క్యాను కనపడుతుంది, నిజమే. కాని ఒక పూట క్యాను చూడటం వేరు, ఏడాది లెక్క చూడటం వేరు. ఏడాది లెక్కలో గేదె ఏ నెలలో వట్టిపోయిందో, ఎప్పుడు ఈనిందో, ఎప్పుడు ఒక పశువును అమ్ముకున్నారో, ఏ నెలలో ఆ ఇంటికి డబ్బు గడవలేదో అన్నీ ఉంటాయి. వడ్డీ వ్యాపారికి ఇంతకంటే కావలసిందేమిటి? బిల్లు పడే రోజు తెలిస్తే ఆ ఉదయమే అరుగు మీద వచ్చి కూర్చుంటాడు. వియ్యమందే ముందు పిల్లవాడి ఇంటి పాడి ఎంతో సంఘంలో వాకబు చేయడం మన ప్రాంతంలో క్రొత్త కాదు. సంబంధం కుదిరితే సరే, తప్పిపోతే ఆ మాట ఎవరు చెప్పారని కార్యదర్శి మీదకు వస్తారు!

ఇంకా ముఖ్యమైనది ఆడవాళ్ళ డబ్బు. పాల బిల్లు తన ఖాతాలో పడితేనే పిల్లల ఫీజు కట్టగలిగే ఇల్లాళ్ళు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఎంత పడిందో, ఎప్పుడు పడిందో ఇంట్లో మరొకరికి కిటికీ దగ్గర చెప్పేస్తే, సాయంత్రానికి ఆ డబ్బు ఏ దారిన పోతుందో మేము చెప్పనక్కరలేదు. "ఆయన భర్తే కదండీ, పరాయివాడా?" అని కార్యదర్శులు మాతో అంటారు. సభ్యత్వం ఆమెది అయినప్పుడు ఆ లెక్కకు ఆయన పరాయివాడే. వినడానికి కటువుగా ఉన్నా ఇది నిజం. అదే విధంగా భర్త సభ్యుడైతే ఆయన లెక్కకు భార్య కూడా అంతే.

ఈ చిక్కు మనకే వచ్చింది కాదు. సహకారోద్యమానికి పుట్టినిల్లయిన బ్రిటన్‌లో దీనికొక ఉపాయం చేశారు. అక్కడి 1965 నాటి పారిశ్రామిక, పొదుపు సంఘాల చట్టం ప్రకారం సంఘం తన రిజిష్టరులోని పేర్లు, చిరునామాలు, చేరిన తేదీల వంటివి చూడదగిన విధంగా ఉంచవలసి ఉండేది. ఎవరికి ఎన్ని వాటాలు, ఎంత అప్పు అన్న వివరాలు మాత్రం ఆ చూపే భాగంలో ఉండేవి కావు. కావాలంటే రెండు పుస్తకాలు పెట్టుకునే వీలుండేది. సభ్యునికి తన సొంత ఖాతాను చూచుకునే, చూపే పుస్తకాన్నీ చూచే హక్కు ఉండేది. ఇతరుల అప్పు, డిపాజిట్టు ఖాతాను వారి వ్రాతపూర్వక అనుమతి లేకుండా చూచే హక్కు ఉండేది కాదు. కంప్యూటర్లు ఊరూరా రాకముందే చేసిన ఏర్పాటు ఇది. మన పాల సంఘానికి ఇది అచ్చంగా సరిపోతుంది.

మన దేశంలో కూడా ఇట్టి ఆలోచన లేకపోలేదు. 2011 నాటి 97వ రాజ్యాంగ సవరణ చట్టంలో, సంఘం సభ్యునితో జరిపిన లావాదేవీలకు చెందిన పుస్తకాలు, లెక్కలు ఆ సభ్యునికి అందేలా రాష్ట్రాలు చట్టం చేయవచ్చునని వ్రాశారు. గమనించండి, "ఆ సభ్యునితో" జరిపిన లావాదేవీలు. పక్కవాడివి కాదు. 2021 జూలైలో సుప్రీంకోర్టు ఈ సవరణలోని సహకార సంఘాల భాగం రాష్ట్రాల్లోని సంఘాలకు చెల్లదని, బహుళ రాష్ట్ర సంఘాలకు మాత్రమే నిలుస్తుందని తీర్పు చెప్పింది. కనుక అది మన గ్రామ సంఘాన్ని కట్టివేసే నిబంధన కాదు. కాని నియమావళి వ్రాసుకునేటప్పుడు ఆ మాట అరువు తెచ్చుకోవడానికి అడ్డేమీ లేదు. మన సంఘాలు కొన్ని 1964 చట్టం క్రింద, కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం క్రింద నమోదై ఉన్నాయి. మీది ఏదో చూచుకొని, మీ నియమావళిలో రిజిష్టరు తనిఖీ గురించి ఏమున్నదో ఒకసారి చదవండి. చాలామంది అధ్యక్షులు నియమావళిని రిజిస్ట్రేషను నాడు చూచిందే!

సమాచార హక్కు చట్టం క్రింద అర్జీ పెడితే సంఘం ఇవ్వాలా అని తరచు అడుగుతారు. 2013లో కేరళ సంఘాల కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ నిధుల మీద గాని, ప్రభుత్వ అదుపు మీద గాని గణనీయంగా ఆధారపడని సహకార సంఘం ఆ చట్టం క్రింద ప్రభుత్వ సంస్థ కాదని చెప్పింది. అయితే రిజిస్ట్రారు ప్రభుత్వ అధికారి. ఆయన చట్టప్రకారం సంఘం నుండి తెప్పించుకోగల సమాచారాన్ని ఆయన ద్వారా కోరవచ్చు, అదీ వ్యక్తిగత వివరాలకు ఉన్న మినహాయింపులకు లోబడి. ఇది బయటివాళ్ళ సంగతి. మన సభ్యునికి ఆ చట్టంతో పని ఏమిటి? అతడు సంఘానికి యజమాని.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రకటించడం, అంటించడం కూడదని 2016 నాటి ఆధార్ చట్టంలోనే ఉంది. అయినా కొన్ని సంఘాల గోడ మీద ఆధార్ నంబర్లతో జాబితాలు మేము చూచాము. వాటిని వెంటనే చించివేయండి. కంప్యూటరులో ఉండే వ్యక్తిగత వివరాలను గురించి 2023లో ప్రత్యేక చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఏ పనికి వివరాలు తీసుకున్నామో ఆ పనికే వాడాలి, సభ్యుడు అడిగితే తన వివరాలు చూపాలి, తప్పుంటే దిద్దాలి అన్నది దాని సారం. సభ్యుని సమ్మతి కోరే కాగితం తెలుగులో చదువుకునే వీలు కూడా ఆ చట్టం కల్పించింది. ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయించుకోవడం ఇక మానుకుందాము.

ఇప్పుడు అసలు పనికి వద్దాము. వెతికి చెప్పే పద్ధతి ఎట్లా ఉండాలి?

మేము చూచిన ఒక సంఘం కంప్యూటరు పద్ధతిలో సభ్యత్వ నంబరు కొడితే చాలు, పేరు, ఖాతా, బిల్లు మొత్తం వచ్చేవి. ఆ నంబర్లు 1 నుండి వరుసగా ఉన్నాయి. అంటే కూర్చొని 1, 2, 3 అంటూ కొట్టుకుంటూ పోతే సాయంత్రానికి సంఘం మొత్తం చేతిలో ఉంటుంది. నంబరు తెలియడం హక్కుకు రుజువు కాదు. ఊళ్ళో ఎవరి సభ్యత్వ నంబరు ఎంతో సగం మందికి తెలుసు, క్యాను మీద రంగుతో వ్రాసి ఉంటుంది!

మరొక చోట ఫోను నంబరు అడిగేవారు. ఆ నంబరు జాబితాలో లేకపోతే "ఈ నంబరు గలవారు సభ్యులు కారు" అని వచ్చేది. ఇది మరీ చిత్రం. "ఉన్నారు", "లేరు" అన్న మాట కూడా సమాచారమే కదా. ఫలానా ఆమె సొంతంగా సభ్యురాలైందా లేదా అని ఇంట్లోవాళ్ళే ఆ విధంగా కనిపెట్టగలరు. కనుక అడిగిన ప్రతివారికీ ఒకే జవాబు ఇవ్వాలి: "ఈ నంబరు మా పుస్తకంలో ఉంటే, వివరాలు ఆ నంబరుకే వస్తాయి." అడిగినవాడి చేతికి కాదు, పుస్తకంలో వ్రాసి ఉన్న నంబరుకు. అడిగింది ఎవరైనా, లెక్క చేరేది సభ్యునికే. ఈ పద్ధతిలో మరో లాభం ఉంది. తన లెక్క కోసం ఎవరో అడిగారన్న సంగతి సభ్యునికి దానంతట అదే తెలిసిపోతుంది.

ఇది విని మేము కూడా సంబరపడ్డాము. తీరా గ్రామాల్లో విచారిస్తే ఇంకో సంగతి బయటపడింది. సభ్యురాళ్ళ పేరు ఎదుట వ్రాసి ఉన్న నంబరు చాలా చోట్ల భర్తదో, కొడుకుదో, ఒక్కోచోట కార్యదర్శి సొంతదో! అలాంటి పుస్తకంతో ఎంత మంచి పద్ధతి పెట్టినా లెక్క పోయి పరాయి చేతిలో పడుతుంది. కాబట్టి ముందు చేయవలసింది నంబర్లు సరిచూడటం. ప్రతి సభ్యుని, సభ్యురాలిని విడివిడిగా, పక్కన ఎవరూ లేకుండా అడగండి: "ఈ నంబరు మీ చేతిలో ఉండేదేనా? మీ లెక్క ఫోనుకు పంపమంటారా, కాగితం మీద ఇమ్మంటారా, నోటితో చెప్పమంటారా?" ఫోను లేనివారికి ఫోనే దిక్కు అనకూడదు. వారానికి ఒక సాయంత్రం, పాలు పోసే రద్దీ లేని వేళ, సభ్యుడు తానే వచ్చి ఎదురుగా కూర్చొని తన లెక్క వినే ఏర్పాటు చేయండి. రిజిష్టరులో ఫోటో ఉంది, ముఖం ఉంది, అంతకంటే రుజువు అక్కరలేదు. మేము మొదట చెప్పిన పెద్దామెకు కావలసింది ఇదే. ఆమెను ఊళ్ళో ఎరుగనివారు లేరు.

నంబరు మార్చమని ఎవరైనా వచ్చినప్పుడు మాత్రం తొందరపడవద్దు. మోసం జరిగేది అక్కడే. సభ్యుడు స్వయంగా రావాలి. మార్పు వ్రాసే ముందు పాత నంబరుకూ, క్రొత్త నంబరుకూ రెంటికీ కబురు వెళ్ళాలి. బ్యాంకు ఖాతా మార్పు అయితే ఒక పక్షం ఆగి వ్రాస్తే నష్టం లేదు. "పాల సంఘం నుండి మాట్లాడుతున్నాము, మీ బోనస్ ఆగిపోయింది, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పండి" అనే ఫోన్లు వస్తే నమ్మవద్దని కిటికీ పక్కనే బోర్డు వ్రాయించండి. మీ పేరు, సంఘం పేరు, గడచిన బిల్లు ఎంతో చెప్పి మరీ అడిగితే ఎవరు నమ్మకుండా ఉంటారు? ఆ మూడూ అతనికి ఎక్కడ దొరికాయన్నదే ప్రశ్న. పక్షం పక్షం ఖాతా నంబర్లతో సహా బిల్లు జాబితా ఫోటో తీసి ఫోన్లలో అందరికీ పంపే సంఘాలు ఆలోచించుకోవాలి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఇటువంటి తరగతుల్లోనే మేము, ప్రతి పక్షం బిల్లు జాబితా పేర్లతో, రూపాయలతో గోడకు అంటించమని చెప్పాము. లెక్క తేటగా ఉంటుందని మా ఉద్దేశం. కొన్ని చోట్ల మేలు జరిగింది. పాడి లేని మనిషి పేరు మీద బిల్లు పడుతున్నదని గోడ చూచి సభ్యులే పట్టుకున్నారు. కాని అప్పులవాళ్ళూ అదే గోడ చదివారు. బిల్లు తక్కువ వచ్చిన పక్షాల్లో పేరు కనపడుతుందని సిగ్గుపడి, పక్క ఊరి ప్రైవేటు కేంద్రానికి పాలు మళ్ళించిన వాళ్ళూ ఉన్నారు.

గోడ మీద జాబితా తీసివేస్తే దొంగ పేర్లు ఎట్లా పట్టుకోవాలి? మొత్తాలు అంటిస్తే చాలదా అని కొందరన్నారు. పక్షంలో ఎంతమంది పోశారు, మొత్తం లీటర్లు, సగటు వెన్న, యూనియను నుండి వచ్చిన డబ్బు, సభ్యులకు ఇచ్చిన డబ్బు, లోకల్ అమ్మకం. ఇవన్నీ తప్పక గోడ మీద ఉండాలి. కాని మొత్తాల్లో దొంగ పేరు కనపడదు. అందుకు మేము చెప్పే ఉపాయం ఇది. మహాజన సభలో ముగ్గురు తనిఖీ సభ్యులను ఎన్నుకోండి. పాలకవర్గం వారు గాని, కార్యదర్శి బంధువులు గాని కాకూడదు, ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. ప్రతి పక్షం చీట్లు తీసి పదిమంది పేర్లు ఎంచండి. ఈ ముగ్గురు ఆ పదిమంది ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ సమ్మతితో, చేతిలో చీటీ, పుస్తకంలో అంకె, బ్యాంకులో జమ మూడూ పోల్చి చూడాలి. గొడ్లచావడిలో గేదె ఉన్నదా లేదా అన్నది వెళ్ళగానే తెలుస్తుంది. చూచిన అంకెలు బయట చెప్పబోమని వారు సభలో మాట ఇవ్వాలి. తేడా వస్తే మాత్రం తేడాను చెప్పాలి. ఇది కాస్త పనే. కాని గోడ చదివే శ్రమను నలుగురి మీద వదిలేసేకంటే, ముగ్గురికి బాధ్యతగా అప్పగించడం నయం.

ఓటర్ల జాబితా వేరు. అది గోడ మీద ఉండి తీరాలి. పేరు, తండ్రి లేక భర్త పేరు, సభ్యత్వ నంబరు, ఓటుకు అర్హత ఉన్నదా లేదా. అభ్యంతరాలకు తగిన వ్యవధి ఇవ్వాలి. మీ నియమావళి ప్రకారం ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోస్తేనే ఓటు అని ఉంటే, ఆ లెక్క సరిచూచుకునే హక్కు ప్రతివారికీ ఉంది. చిక్కు ఎక్కడంటే, అర్హత లేనివారి ఎదుట "బకాయిదారు" అని వ్రాయాలా? మేము వద్దంటాము. కారణం సభ్యునికి విడిగా వ్రాసి పంపాలి, ఎన్నికల అధికారి దగ్గర ఒక ప్రతి ఉండాలి. మా మనుషుల పేర్లు కావాలని తీసేశారని అభ్యర్థి ఎవరైనా ఫిర్యాదు చేస్తే అధికారి కారణాలు తెరచి చూస్తాడు. ఇందులో అభ్యర్థికి కొంత అసౌకర్యం ఉన్న మాట నిజమే. తన పేరు తీసివేసిన సభ్యుడు తానే కాగితం తెచ్చి చూపుకుంటే ఎవరూ కాదనరు.

బ్యాంకువాళ్ళ సంగతి అడిగారు. పాడి రైతులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇవ్వడం 2018-19 నుండి మొదలైంది. అప్పు ఇచ్చే ముందు బ్యాంకు, ఈ మనిషి సంఘానికి పాలు పోస్తున్నాడా, నెలకు ఎంత అని అడుగుతుంది. ఇక్కడ లెక్క బయటికి వెళ్ళడం సభ్యునికే మేలు. కాని బ్యాంకు మేనేజరు ఫోను చేశాడని జాబితా మొత్తం పంపకండి. సభ్యుడు ఒక చిన్న అర్జీ వ్రాసి ఇస్తే, అతని ఒక్కడి లెక్క, అడిగిన నెలలకు మాత్రం, అతని చేతికే ఇవ్వండి. అతను తీసుకెళ్ళి ఇచ్చుకుంటాడు. దాణా కంపెనీలకు, బీమా ఏజెంట్లకు, ఓట్లు అడిగే పార్టీలవారికి ఇదే జవాబు: మీ కరపత్రం ఇవ్వండి, మేమే బోర్డుకు అంటిస్తాము, కావలసిన సభ్యుడు మీకు ఫోను చేస్తాడు.

చివరగా ఒక చిన్న పుస్తకం కొనండి. నలభై పేజీలది చాలు. రిజిష్టరుగాని, కంప్యూటరులో ఇతరుల లెక్కగాని ఎవరు చూచారు, ఏ తేదీన, ఏ పని మీద, ఎవరు చూపారు అన్నది అందులో వ్రాసి సంతకం చేయించండి. అధ్యక్షుడు చూచినా వ్రాయాలి, మా వంటి అధికారులు చూచినా వ్రాయాలి. మొదట చెప్పిన సంఘంలో ఆ పుస్తకం పెట్టమన్నాము. మొదటి సంతకం మా చేతనే చేయించారు. ఆ పుస్తకాన్ని ఏ సభ్యుడైనా ఎప్పుడైనా చూడవచ్చు.

ఈ సంగతులను మీ తదుపరి మహాజన సభ ఎజెండాలో చేర్చడానికి వీలుగా ఒక నమూనా తీర్మానం వ్రాసి తెచ్చాము. మీ నియమావళికి తగినట్లు మాటలు మార్చుకోండి.

"సంఘ సభ్యుల పేరు, తండ్రి లేక భర్త పేరు, సభ్యత్వ నంబరు, చేరిన తేదీ, ఓటు అర్హత గల పట్టీని పనివేళల్లో ఏ సభ్యుడైనా ఉచితంగా చూడవచ్చుననియు; ప్రతి సభ్యునికి తన పాలు, వెన్న, బిల్లు, వాటాధనం లెక్కను అడిగిన ఏడు రోజుల్లోగా అతడు కోరిన రీతిలో అతనికే అందజేయవలెననియు; ఫోను, బ్యాంకు ఖాతా, ఆధార్, రోజువారీ పాల లెక్కను సభ్యుని వ్రాతపూర్వక అనుమతి లేక చట్టప్రకారం వచ్చిన ఉత్తర్వు లేనిదే ఇతరులకు చూపరాదనియు; సంఘం జమాఖర్చులు, ఆడిటు నివేదిక, పాలకవర్గ తీర్మానాలకు ఈ గోప్యత వర్తించదనియు; ముగ్గురు తనిఖీ సభ్యులను ఈ సభలోనే ఎన్నుకొనవలెననియు తీర్మానించడమైనది."

దీని ప్రతులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. సంఘానికి రెండు చొప్పున తీసుకోండి. ఒకటి బోర్డుకు, ఒకటి మినిట్సు పుస్తకానికి. ఇక మీ ప్రశ్నలు అడగండి. చనిపోయిన సభ్యుని లెక్క ఎవరికి చెప్పాలని ఇందాక వెనుక వరుసలో ఒక సోదరి అడిగారు, ముందు దానితోనే మొదలు పెడదాము.